పెద్దదాంట్లోనే చిన్నది

మా ఊరు పులివెందుల. బదిలీల్లో తిరిగి తిరిగి, ఇప్పుడు ప్రొద్దుటూరులో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. ఏటా ఒక శిక్షణకు పోవడం, ఏటా ఒక కొత్త పద్ధతి నేర్చుకుని రావడం, ఫోటోలు తీసి యాప్‌లో ఎక్కించడం. ఈ మధ్య జమ్మలమడుగులో పెట్టిన శిక్షణకూ విసుగుతోనే పోయాను. తప్పు లెక్కకు ఇంటూ కొట్టే ముందు, ఎలా చేశావని పిల్లనే అడగాలట. పిల్లల తప్పుల వెనుక కూడా ఒక పద్ధతి ఉంటుందని పరిశోధనల్లో తేలిందట. ఒక్కొక్కరినీ అడుగుతూ కూర్చుంటే సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు, వీళ్ల నాయనా అని పక్కామెతో గొణిగాను.

ఆ వారమే ఎనిమిదో తరగతి పిల్ల ఒకదాని తల్లి బడికి వచ్చింది. కూతుర్ని మాన్పించి కుట్టుమిషన్ నేర్పిస్తానంది.

"లెక్కలు దీని తలకెక్కవని మీరే జెప్తిరి గద మేడం. ఇంగ ఏం జదివిచ్చేది?"

నిజమే, పోయిన మీటింగులో అన్నాను. ఆ పిల్ల నాకు కొత్త కాదు. చాపాడు దగ్గర వాళ్ల పల్లెలో మూడో తరగతికి చెప్పినప్పుడూ నా ముందే కూర్చునేది. అప్పటి నుంచీ మొద్దేనని నా లెక్క. సోమవారం దాకా ఆగమ్మా అని తల్లిని పంపించాను. దయతో కాదు, పిల్ల మానేస్తే రాయాల్సిన కాగితాలకు భయపడి.

మధ్యాహ్నం ఆ పిల్ల నోటుబుక్కు తీశాను. బీజగణితం లెక్క. దారంతా సరిగ్గానే వచ్చి, చివర తీసివేత దగ్గర బోర్లా పడింది. యాభై రెండులోంచి ముప్పై ఎనిమిది పోతే ఇరవై ఆరట. ఇంటూ పెట్టబోయి, శిక్షణలో చెప్పింది గుర్తొచ్చి, ఇది ఎట్లా చేశావే అని అడిగాను.

"రెండులో ఎనిమిది పోదు గద మేడం. అందుకే ఎనిమిదిలో రెండు తీసినా."

"అట్ల తీయమని ఎవరు చెప్పినారు?"

"మీరే. చిన్నదాంట్లో పెద్దది పోదు, పెద్దదాంట్లోనే చిన్నది తీయాలని మూడో తరగతిలో దినామూ అందర్తో చెప్పిస్తాంటిరి."

చెప్పించాను. పక్క స్థానం నుంచి పది తెచ్చుకోవడం తర్వాత నేర్పవచ్చులే అని, ముందు ఆ ముక్క వల్లె వేయించాను. తర్వాత నేర్పాను కూడా. కానీ పిల్ల మొదటి మాటనే పట్టుకుంది. ఐదేళ్లుగా అది నా మాటే వింటోంది, నేనేమో దానికే ఇంటూలు కొడుతున్నాను.

మూడు రోజులు అన్నాల తర్వాత చీపురు పుల్లల్ని పదేసి కట్టలు కట్టి ముందు పెట్టుకున్నాం. విడి పుల్లలు చాలనప్పుడు ఒక కట్ట విప్పాలి. మొదటి రోజు విప్పడానికి పిల్లకు చేతులు రాలేదు. మూడో రోజు పుల్లలు ముట్టుకోకుండానే పద్నాలుగు అని రాసింది.

సోమవారం తల్లి వచ్చింది. "తప్పు నాదమ్మా, పిల్లది కాదు" అన్నాను. ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "సరే, పది దాకా జూస్తాంలే" అని వెళ్లిపోయింది. హమ్మయ్య, ఒక బరువు దిగిందనుకున్నాను.

పిల్ల మాత్రం తలుపు దగ్గరే నిలబడింది.

"మా పక్కింటి పిల్ల గూడా అప్పుడు మాతోనే ఉండె గద మేడం. లెక్కలు రావని పోయినేడు మానేసి పత్తి తీయను పోతాంది. దానికి గూడా జెప్పేదా, తప్పు దానిది గాదని?"

పిలుచుకొని రమ్మన్నాను. ఆ ఏడు ఆ గదిలో ఇంకా ఎంతమంది ఆ మాట వల్లె వేశారో తలచుకునే ఓపిక నాకు లేకపోయింది.