వెంకటనారాయణ గారి పేదరికం

వెంకటనారాయణ తెల్లచొక్కా నలగడం మార్టూరు పక్కనున్న ఆ పల్లెలో ఎవరూ చూసి ఎరుగరు. నల్ల తామర పురుగు పట్టి మిరపతోట ఆకులన్నీ ముడుచుకుపోయిన ఏడు కూడా ఆయన చొక్కా ముడతపడలేదు. పత్తికి గులాబీ పురుగు తగిలినప్పుడు "ఎట్టా ఉందయ్యా చేను?" అని అడిగినవాళ్ళకు "దివ్యంగా ఉంది" అన్నాడు. నిజానికి దివ్యంగా ఉన్నది పురుగు.

చేసేది కౌలు వ్యవసాయం. అయినా "మా పొలం" అనే అనేవాడు. కౌలు అందుతున్నంతకాలం అసలు ఆసామికి కూడా ఆ మాట మీద అభ్యంతరం ఉండేది కాదు. ఇంట్లో 'లేదు' అన్న మాట గడప దాటకూడదన్నది ఆయన జీవితాశయం. ఆ ఆశయాన్ని భార్య మల్లేశ్వరి పక్కింటి నుంచి పంచదారా కాఫీపొడీ అడిగి తెచ్చి నిలబెడుతుండేది.

అలాంటి ఇంట్లో జ్యోతిర్మయికి చదువు వచ్చింది. ఎవరూ చెప్పకుండానే వచ్చింది, చాలా వచ్చింది. ఇంటర్లో మార్కులు చూసి కాలేజీ వాళ్ళే ఆమె ఫొటో గోడకెక్కించారు. ఎంట్రన్సులో ర్యాంకు, కాకినాడలో ఇంజనీరింగు సీటు. ఫీజు సంగతి ప్రభుత్వం చూసుకుంటానంది. హాస్టలు గది, భోజనం, పుస్తకాల సంగతి చూసుకుంటామని ఎవరూ అనలేదు. అనవలసిన వెంకటనారాయణ చొక్కాకు ఇస్త్రీ చేయించుకోవడానికి వెళ్ళాడు.

మార్టూరులో గ్రానైటు పాలిషింగు యూనిట్లున్న ఒక ధనవంతుడు తన తల్లి సుబ్బరావమ్మ పేరున ట్రస్టు పెట్టి, దానికి తానే చైర్మనై, "ప్రతిభగల నిరుపేద విద్యార్థులకు" స్కాలర్‌షిప్పులు ఇస్తున్నాడు. మల్లేశ్వరి మొగుడికి చెప్పకుండా కూతురి చేత దరఖాస్తు పెట్టించింది. ట్రస్టు వాళ్ళు ఇల్లు చూడటానికి వస్తున్నారని కబురు వచ్చాక చెప్పక తప్పలేదు. ఆయన చెవికి అందులో ఒక్క ముక్కే ఎక్కింది: ఇంటికి పెద్దమనుషులు వస్తున్నారు.

ఇక చూడాలి ఆ హడావిడి. గోడలకు సున్నం వేయించాడు. ఎదురింటి నుంచి కుషన్ కుర్చీలు, వెనకింటి నుంచి కూలరు, బావమరిది ఇంటి నుంచి గాజు గ్లాసులు వచ్చాయి. నాటుకోడి కోయించాడు.

"వాళ్ళొచ్చేది మన లేమి చూడ్డానికయ్యా!" అని మల్లేశ్వరి మొత్తుకుంది.

"చూడ్డానికొచ్చినోళ్ళకి అన్నం పెట్టకుండా పంపుతామా?" అన్నాడాయన.

ట్రస్టు కార్యదర్శి త్రినాథ్, ఇంకో ఇద్దరు కారు దిగారు. కుషన్లలో కూర్చుని, కూలరు గాలికి సేదతీరి, కోడికూర రెండోసారి వడ్డించుకున్నారు. త్రినాథ్ వేలు నాక్కుంటూ, "వ్యవసాయం ఎలా ఉందండీ?" అని అడిగాడు.

"దివ్యంగా ఉందండీ."

తలుపు వెనక మల్లేశ్వరి నెత్తి కొట్టుకుంది. జ్యోతిర్మయి మార్కుల కాగితాలు చేత్తో పట్టుకుని నిలబడే ఉంది. వాటిని ఎవరూ అడగలేదు. వెళ్ళేటప్పుడు త్రినాథ్ తృప్తిగా తేన్చి, "మీకు మా సహాయం అక్కర్లేదండీ. భగవంతుడి దయవల్ల మీరు బాగానే ఉన్నారు. మాకంటే మీరే నయం" అని కారెక్కాడు.

ఆ సాయంత్రం వెంకటనారాయణ ఊరంతా తిరిగాడు. "మార్టూరు ట్రస్టోళ్ళు మనల్ని చూసి ఏమన్నారో తెలుసా? మాకంటే మీరే నయం అన్నారు!" టీకొట్టు దగ్గర చెప్పాడు, పురుగుమందుల కొట్టు దగ్గర చెప్పాడు. ఇంటికొచ్చేసరికి కూతురు అన్నం తినకుండా గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"ఏమైందే దానికి?"

"దివ్యంగా ఉంది" అంది మల్లేశ్వరి.

ఆ మాట ఆయనకు పురుగుకంటే గట్టిగా తగిలింది. పక్కన కూర్చుని "అమ్మాయ్" అని పిలిచాడు. ఆమె వీపు కదులుతోంది. ఏడిస్తే ఊళ్ళోవాళ్ళకు వినపడుతుందని నోట్లో పైట కొంగు కుక్కుకుందని అర్థమైంది. ఆ విద్య ఎవరి దగ్గర నేర్చుకుందో కూడా అర్థమైంది.

మర్నాడు ట్రస్టు ఆఫీసుకు వెళ్ళాడు. రాళ్ళు కోసే మిషన్ల మోతలో త్రినాథ్‌కు ఏమీ వినపడలేదు. "గట్టిగా చెప్పండి!" అన్నాడు. జీవితంలో ఎప్పుడూ గొణగనైనా గొణగని విషయాన్ని వెంకటనారాయణ అరిచి చెప్పాల్సి వచ్చింది. "మాకు లేదండీ! పొలం మాది కాదు! కుర్చీలు మావి కావు! కోడి కూడా అరువేనండీ!" ఆ చివరి ముక్క దగ్గర సరిగ్గా మిషన్ ఆగింది. రాళ్ళ మీద నీళ్ళు పోస్తున్న పనివాళ్ళంతా తిరిగి చూశారు.

త్రినాథ్ కరిగిపోయాడు. "ఇదే మాట మా స్కాలర్‌షిప్పుల సభలో మైకులో చెప్పండి. చైర్మన్ గారికి ఇలాంటివి బాగా నచ్చుతాయి."

చెప్పాడు. కల్యాణమండపం నిండా జనం, వేదిక మీద చైర్మన్ గారు, వెనక ఆయన నిలువెత్తు ఫ్లెక్సీ, అందులో ఒక మూల తపాలా బిళ్ళంత జ్యోతిర్మయి. వెంకటనారాయణ చెబుతూ చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. ముందు వరస ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. ఫొటో సరిగ్గా పడలేదని ఫొటోగ్రాఫరు ఆయన్ని ఇంకోసారి కళ్ళు తుడుచుకోమన్నాడు. స్కాలర్‌షిప్పు మంజూరైంది.

ఏటేటా రెన్యువల్, ఏటేటా సభ. రెండో ఏటికి వెంకటనారాయణకు చెయ్యి తిరిగింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు దించాలో తెలిసింది. మిగతా తండ్రులు ఆయన తర్వాత మాట్లాడటానికి జంకేవాళ్ళు. 'లేదు' అనలేని మనిషి ఆ జిల్లాలో అందరికంటే అందంగా 'లేదు' అనడం నేర్చుకున్నాడు.

మూడో ఏడు మిరప విరగపండింది. చిత్రంగా ధరా పలికింది. వెంకటనారాయణ కొత్త బైకు కొన్నాడు. ఆ ఏడు సభకు దానిమీదే వచ్చి, మండపానికి దూరంగా ఒక షెడ్డు వెనక దాన్ని దాచి, మాసిన చొక్కా తొడుక్కుంటుంటే కూతురు చూసింది.

"నాన్నా, ఈసారి నేను మాట్లాడతా."

"నీకు రాదమ్మా. ఏడుపు రావాలి."

"అందుకే."

ఆయన వారించేలోపే వేదికెక్కి మైకు అందుకుంది.

"నమస్కారమండీ. మా నాన్న ఈ సంవత్సరం పేదవాడు కాదు. మిరప పండింది. వచ్చే ఏడు పండుతుందో లేదో తెలియదు. నేను చదివేది ఎలక్ట్రికల్. మా క్లాసులో నేనే ఫస్టు. మూడేళ్ళుగా ఈ మెట్లెక్కుతున్నాను, ఏం చదువుతున్నావని ఒక్కళ్ళన్నా అడుగుతారేమోనని."

ఫొటోగ్రాఫరు కెమెరా దించేశాడు. చైర్మన్ గారు త్రినాథ్ చెవిలో, "ఈ అమ్మాయి మనదేనా?" అని అడిగారు. చప్పట్లు కొట్టింది ఒక్క మల్లేశ్వరి. కొట్టి, అందరూ చూస్తుంటే ఆపకుండా ఇంకాసేపు కొట్టింది.

ఆఖరి ఏడాది స్కాలర్‌షిప్పు రాలేదు. "కుటుంబ పరిస్థితి మెరుగుపడినందుకు అభినందనలు" అని ట్రస్టు వాళ్ళు ఫోన్లో చెప్పారు. మిరప డబ్బుతో హాస్టలు గడిచింది. బైకు మీద మోజు తీరకముందే అదీ అమ్ముడుపోయింది. జ్యోతిర్మయి మాత్రం పాసై, విద్యుత్ శాఖ పరీక్ష రాసి, ఇప్పుడు ఒంగోలు దగ్గర సబ్‌స్టేషన్లో ఇంజనీరుగా ఉంది.

ఆమె మైకు అందుకున్న సభ నాటి సాయంత్రం మాత్రం తండ్రికి చాలా కోపం వచ్చింది. మండపం బయట బజ్జీల బండి దగ్గర కూతురివైపు చూడకుండా ఒక ప్లేటు చెప్పాడు. బజ్జీ ఒకటి తిన్నాక, "ఇంతకీ ఏంటమ్మా ఆ చదువు?" అన్నాడు.

ఆమె చెప్పింది. కరెంటు ఎక్కడ పుడుతుంది, ఎలా వస్తుంది, దారిలో ఎంత పోతుంది. ఆయన ఊఁ కొడుతూ విన్నాడు.

"అయితే మన చేలో ట్రాన్స్‌ఫార్మర్ ఏటా ఎందుకు కాలిపోతుందో చెప్పు చూద్దాం."

"దాని మీద ఎన్ని మోటార్లున్నాయి నాన్నా?"

"కరెంటోళ్ళ లెక్కలో రాసింది నాలుగు."

"రాయనివి?"

వెంకటనారాయణ ఇంకో ప్లేటు బజ్జీలు చెప్పాడు.