తొమ్మిదో తరగతి వాళ్ళే కావాలి

నా చదువు తొమ్మిదితో ఆగిపోయిందన్న సంగతి ఇన్నేళ్ళూ దాచుకుంటూ వచ్చాను. ఈ మార్చిలో ఆ అర్హత మీదే గుత్తికి ప్రయాణమయ్యాను.

రాప్తాడులో మా వీధిలో ఉండే ఖాసింబీ అక్కకు కళ్ళు కనిపించవు. ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టింది. సైన్సు ఒక్కటే మిగిలింది. ఆమె చెబుతుంటే రాసిపెట్టే మనిషి ఆమెకంటే తక్కువ చదివి ఉండాలట. పోయినసారి అలాంటి మనిషి దొరక్క పరీక్షే పోయింది. కట్టిన గడువులో ఇదే ఆఖరి అవకాశం, ఈసారీ పోతే అంధుల బడిలో టీచరు కావాలన్న ఆశ వదులుకోవలసిందే. పరీక్ష సెంటరు గుత్తిలోని ఒక బడిలో పడింది. ఒకరోజు కూలి ఇస్తానంది, సరేనన్నాను.

అక్క తొందరపెడితే ఎనిమిదిన్నరకే బస్సెక్కాం. ఆడవాళ్ళకు సున్నా టికెట్టు, ఆధార్ కార్డు మాత్రం మరవకండి. అనంతపురం బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జీ తిని తొమ్మిదిన్నరకు గుత్తి బస్సు పట్టుకున్నాం.

"యాడికి పోతాండారమ్మా?" అన్నాడు పక్కసీటు పెద్దాయన.

"ఈ యక్క పరీచ్చ నేను రాయాల."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "అయితే చానా చదివినట్టుండావే."

అక్కకు నవ్వాగలేదు.

పదకొండింటికి గుత్తిలో దిగాం. కోట ఎక్కాలని నాకు మహా సరదా. అక్క కదలనివ్వలేదు. పరీక్ష మధ్యాహ్నం రెండున్నరకు. అందాకా బడి వరండాలో ఆమె పాఠాలు వల్లెవేసింది, నేను మూడు పెన్నులూ గీసి చూసుకున్నాను.

పరీక్షలో వేరుశనగ వేర్ల బుడిపెల మీద ప్రశ్న వచ్చింది. వాటిలోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుందని రాయమంది అక్క. నా పెన్ను ఆగిపోయింది. ఇరవై ఏళ్ళుగా శెనిక్కాయ చెట్లు పీకుతున్నదాన్ని, ఆ బుడిపెలు తెగులని నా గట్టి నమ్మకం.

"ఏమే, ఆగినావు?"

పరీక్షకు కాపలా ఉన్న సారు మా వైపే చూస్తున్నాడు. చెప్పింది చెప్పినట్టు రాయడమే నా పని. అక్క మార్కులు పోతున్నాయని మనసు పీకుతున్నా రాశాను.

ఆరింటి బస్సులో తిరుగు ప్రయాణం. ఊరు దాటేదాకా ఓర్చుకుని అడిగేశాను. "అక్కా, ఆ బుడిపెలు తెగులు గదా?"

"కాదే, అదే నేలకు సత్తువ. పుస్తకంలో ఉండాది."

ఇరవై ఏళ్ళు వాటిని ఊరికే తిట్టుకున్నాను. సిగ్గేసింది, మార్కులు పోనందుకు ప్రాణం లేచొచ్చింది.

పామిడి దాటాక అక్క నా చెయ్యి పట్టుకుంది. "నేను పాసైతే ఇంటర్ కడతా. అప్పుడు పది పాసైనోళ్ళు రాయొచ్చు. నువ్వూ పది కట్టు. నాకంటే ఒక క్లాసు ఎనకుంటే చాలు."

ఫలితాలొచ్చాయి. అక్క పాసైంది. ఇప్పుడు సాయంత్రాలు ఆమె పాఠం చెబుతుంది, నేను రాసుకుంటాను. కూలి మాత్రం ఇవ్వదు.