ఐసు మీదికి ఏ రీలు?

నేను చేప తినను. పట్టడం అసలే రాదు. కానీ గడ్డకట్టిన సరస్సుకి కన్నం పెట్టి చేపలు పట్టేవాళ్ళు గేలం దారం చుట్టే చక్రం, అదే రీలు, ఏది వాడాలో నన్నడగండి, మీ టీ చల్లారిపోయేదాకా చెప్తాను. ఈ చదువంతా ప్రేమకొద్దీ నేర్చుకున్నానని అందరి దగ్గరా చెప్పుకున్నాను. అబద్ధం. కుళ్ళుతో నేర్చుకున్నాను.

ఎవరి మీద కుళ్ళు అంటే, మా ఫ్రెండ్ మీద కాదు. దాన్ని నా దగ్గర్నించి ఎగరేసుకుపోయిన ఇంకో ఆవిడ మీద.

నేనూ మా ఫ్రెండూ ఒకే ఏడు ఐర్లండ్ వచ్చి నేవన్ ఊళ్ళో దిగాం. నాది గుంటూరు, దానిది భీమవరం. మా ఇద్దరి మొగుళ్ళదీ డబ్లిన్‌లో ఒకే ఆఫీసు, మావి ఒకే కాలనీలో రెండు వీధుల అవతల ఇళ్ళు. దాని కూతురు పుట్టినప్పుడు మొదట ఎత్తుకున్నది నేను. నాకు డ్రైవింగ్ టెస్ట్ మూడుసార్లు పోతే మూడుసార్లూ నాతో కూర్చుని ఏడ్చింది అది. శనివారం మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే, దానికి వేరే పిలుపు అక్కర్లేదు. తలుపు తోసుకుని వచ్చి, "ఏం వండావే?" అంటూ మూతలు తీసి చూసేది.

రెండేళ్ళ కిందట దానికి గర్భసంచి ఆపరేషన్ అయింది. రెండు నెలలు వంట నాదే. మిరియాల చారు, బీరకాయ పప్పు, మెత్తగా జావ, అన్నీ డబ్బాల్లో పెట్టుకుని పరిగెత్తేదాన్ని. ఒళ్ళు కోలుకుంది గానీ మనిషికి దిగులు పట్టుకుంది. కిటికీ దగ్గర కూర్చుని ఎదురింటి గోడ వంక చూస్తూ ఉండేది. నేను వాగీ వాగీ నా దవడలు నొప్పి పుట్టాయి. అది ఊ కొట్టేది, అంతే.

అప్పుడు దాని ఆఫీసులో పనిచేసే ఐరిష్ ఆవిడ ఒకతె వచ్చింది. యాభై దాటిన మనిషి, ఎప్పుడూ బురద బూట్లే. "లే, గాలి తగిలితే నువ్వే గ్రాండ్‌గా ఉంటావ్" అని, గ్రాండ్ అంటే ఇక్కడ కులాసా అని లెండి, దీన్ని కారెక్కించుకుని ఏదో సరస్సుకి తీసుకుపోయి చేతిలో గేలం కర్ర పెట్టింది. సాయంత్రం మా ఫ్రెండ్ సరాసరి మా ఇంటికే వచ్చింది. బుగ్గలు ఎర్రగా, జుట్టంతా రేగిపోయి, "ఒసేయ్, చేప పట్టానే!" అని పకపకా నవ్వింది. రెండు నెలల్లో అదే మొదటి నవ్వు. నాకు సంతోషం వెయ్యాలా వద్దా? వేసింది, ఓ నిమిషం. ఆ తర్వాతే లెక్క మొదలైంది. చారు నాది, నవ్వు ఆవిడదా?

ఆవిడకి నేను లేక్ మేడం అని పేరు పెట్టాను, మా ఫ్రెండ్‌కీ అదే అలవాటైపోయింది. అప్పటినుంచీ ఆదివారాలన్నీ లేక్ మేడంవే. నా శనివారం నాకే ఉంది, కానీ మనిషి మా ఇంట్లో, మనసు నీళ్ళల్లో. అన్నం కలుపుకుంటూ లేక్ మేడం అలా అంది, లేక్ మేడం ఇలా అంది. పైగా పట్టిన చేపని మళ్ళీ నీళ్ళల్లోకే వదిలేస్తారట! "పులుసు పెట్టుకోకుండా వదిలెయ్యడానికి అంత దూరం పోవడం దేనికే? భీమవరం దానివేనా నువ్వు?" అన్నాను. "నీకు అర్థం కాదులే" అంది. చూశారా? నాకు అర్థం కాని సంగతి ఒకటి దాని జీవితంలో ఉందన్నమాట. ఒళ్ళు మండిపోయింది.

ఈ ఏడు జనవరిలో ఒక శనివారం సాంబారు పోసుకుంటూ చెప్పింది. లేక్ మేడం చెల్లెలు ఫిన్లాండ్‌లో ఉందట. ఏటా ఫిబ్రవరిలో ఈవిడ అక్కడికి వెళ్ళి, గడ్డకట్టిన సరస్సు మీద నడిచి, ఐసులో కన్నం తొలిచి చేపలు పడుతుందట. ఈసారి దీన్నీ రమ్మందట. చెప్తుంటే దాని కళ్ళు చూడాలి! "ఆపరేషన్ టేబుల్ మీద పడుకున్నప్పుడు అనుకున్నానే, లేస్తే ఏదో ఒకటి ఒక్కటైనా ధైర్యంగా చెయ్యాలని. ఇదేనేమో" అంది.

నన్ను రమ్మంటుందేమోనని చూశాను. "నీకు చలి పడదుగా" అంది, అడక్కుండానే. అడిగితే వెళ్ళేదాన్నో లేదో నాకే తెలీదు. కానీ అడగలేదు.

"రీలు ఒకటి కావాలి. లేక్ మేడం తన పాతది ఇస్తానంది" అని కూడా అంది.

అంతే, నా నోటికి అడ్డూ అదుపూ లేకుండా పోయింది. "పాతదేంటే? నీకు గతిలేదా? నేను కొనిస్తాను."

రీలు అంటే ఏంటో కూడా నాకు సరిగ్గా తెలీదప్పటికి. మర్నాడు ఊళ్ళో గేలాల కొట్టుకి వెళ్ళి ఐసు మీద చేపలు పట్టే రీలు కావాలన్నాను. కొట్టాయన నన్ను పైనుంచి కిందికి చూసి, "అమ్మా, మన మీత్ కౌంటీ మొత్తంలో నీళ్ళు గడ్డకట్టేది నా ఫ్రీజర్‌లోనే" అన్నాడు. తిన్నగా ఇంటికొచ్చి వీడియోల మీద పడ్డాను. పదిహేను రోజులు. ఆఫీసు కాల్స్‌లో మ్యూట్ పెట్టి మరీ చూశాను. మా ఆయన, "ఎమ్‌సీఏకి ఇంత చదివావా?" అని ఎగతాళి. చదవలేదు. ఎమ్‌సీఏలో నాకు లేక్ మేడం లేదు కదా.

సంగతేంటంటే, మామూలు రీలు పడవల్లో, గట్ల మీద బాగానే పనిచేస్తుంది. కానీ దారం పక్కకి చుట్టుకుంటుంది కాబట్టి మెలిపడుతుంది. ఐసు కన్నంలోకి దారాన్ని నిట్టనిలువునా వదిలినప్పుడు ఆ మెలి విప్పుకుంటూ అడుగున గేలం గిర్రున తిరుగుతుంది. చేప అంత వెర్రిది కాదు, తిరిగేదాన్ని ముట్టదు. అందుకని గాలిపటం చరఖాలాగా తిన్నగా తిరిగే రీలు ఉండాలి. చేతులకి దళసరి గ్లోవ్స్ ఉంటాయి కనక పిడి పెద్దదిగా ఉండాలి. తేలిగ్గా ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం లోపలి నూనె. మామూలు గ్రీజు ఆ చలికి బిగుసుకుపోతుంది, రీలు కదలదు. పాతది తుడిచేసి, చలికి గట్టిపడని పల్చటి నూనె రెండు చుక్కలు వెయ్యాలి. ఈ చివరి పాఠం నేను మూడుసార్లు చూశాను. బాగా ఎక్కింది.

చివరికి ఒకటి తెప్పించాను. నల్లటి చక్రం, ఎర్రటి పిడి, వేలితో ఇలా అంటే చాలు చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉంటుంది. దాని చేతిలో పెడితే నన్ను వాటేసుకుని ఏడ్చినంత పని చేసింది. "ఇంత మంచిది లేక్ మేడం దగ్గర కూడా లేదే!" అంది. ఆ ఒక్క మాటకి నేను వారం రోజులు గాల్లో తేలాను.

ప్రయాణం ముందు శనివారం బ్యాగుతో సహా భోజనానికి వచ్చింది. బ్యాగులోంచి రెండు రీళ్ళు తీసి నా వంటింటి బల్ల మీద పెట్టింది. ఒకటి నాది. రెండోది లేక్ మేడం ఇచ్చిన పాతది, రంగు వెలిసిపోయి, పిడి అరిగిపోయి. అదీ తిన్నగా తిరిగే రకమే, నా ఖర్మకొద్దీ బాగానే తిరుగుతోంది.

"రెండూ ఎందుకే?" అన్నాను.

"తీసుకెళ్తాను. అక్కడ రెండూ వేసి చూసుకుంటాను. ఆవిడ అంత ప్రేమగా ఇచ్చింది, వద్దంటే బాగుండదు."

అంటే పోటీ అన్నమాట. నాదీ ఆవిడదీ పక్కపక్కన. ఈలోగా కార్క్ నుంచి కూతురు ఫోన్ చేసింది, అక్కడ చదువుకుంటోందిలెండి. ఇది ఫోన్ చెవిన పెట్టుకుని హాల్లోకి వెళ్ళి కూర్చుంది. తల్లీకూతుళ్ళ ఫోన్ అరగంటకి తక్కువ ఉండదు.

గోడకి ఉండే, గది వెచ్చబెట్టే రేడియేటర్ మీద కొబ్బరినూనె సీసా ఉంది. ఇక్కడ చలికాలమంతా అది సున్నంలాగా గడ్డకట్టే ఉంటుంది, తలకి రాసుకోవాలంటే రేడియేటర్ మీద కరగబెట్టాల్సిందే. ఇంట్లో వెచ్చగా ఉన్నంతసేపే అది నూనె. నాకు తెలుసు. చిన్నపిల్లనడిగినా చెప్తుంది.

పాత రీలు మూత విప్పాను. విప్పడం వీడియోల్లో చూసిందే. లోపల బేరింగ్‌లో మూడు చుక్కలు వేశాను. కాసేపాగి ఇంకో రెండు. మూత బిగించి, పైన టిష్యూతో తుడిచి, తిప్పి చూశాను. ముందుకంటే హాయిగా తిరిగింది. నా మనసులో ఉన్నదల్లా ఒక్కటే: అక్కడ ఐసు మీద ఆవిడది మొరాయించాలి, నాది తిరగాలి, ఇది నన్ను తలుచుకోవాలి. అంతే కదా, ఎవరికేం నష్టం అనుకున్నాను. నష్టం సంగతి ఆలోచిస్తే కదా!

అది హాల్లోంచి వచ్చి రెండూ బ్యాగులో పెట్టుకుంది. పెరుగన్నంలో ఆవకాయ వేసుకుని తిని, వెళ్ళిపోయింది.

అక్కడ ఉన్న నాలుగు రోజులూ ఫోటో ఒక్కటి పంపలేదు. వచ్చి మూడు రోజులైనా ఫోన్ లేదు. లేక్ మేడంతో ముచ్చట్లు తీరలేదేమో అనుకుని ముఖం మాడ్చుకుని కూర్చున్నాను. నాలుగో రోజు ఉండబట్టలేక నేనే వెళ్ళాను. తలుపు తీసింది. కుడిచేతి వేళ్ళకి రెండు బ్యాండేజీలు. "గాజు గ్లాసులు తియ్యవే, టీ పెడతాను" అంది.

ఇక్కడ అల్మరాని ప్రెస్సు అంటారు, మేమూ అలాగే అనడానికి అలవాటు పడిపోయాం. వంటింటి ప్రెస్సు తెరిచాను. పై అరలో వెండి కుంకుమభరిణె పక్కన నా రీలు. మళ్ళీ పెట్టెలో పెట్టి, పైన కవరు కూడా చుట్టేసి ఉంది. పెట్టె మీద కుంకుమ బొట్టు.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "తీసుకెళ్ళనేలేదా? పదిహేను రోజులు నా కళ్ళు పోయేలా చూసి కొంటే ఇక్కడ పడేసి, ఆవిడ తుక్కు పట్టుకుపోయావా?" అని అరిచాను. గొంతు ఇంటికప్పు ఎగిరేలా ఉంది.

అది స్టవ్ వైపు తిరిగే ఉంది. "ఇంటికొచ్చి మళ్ళీ సర్దుకునేటప్పుడు మనసొప్పలేదే. అంత అందమైనది, నువ్వు కొనిచ్చింది, ఐసులో పడి గీతలు పడితే? ముందు పాతదాంతో చెయ్యి తిరగనీ, తర్వాత నీది తీద్దాం అనుకున్నాను. పూజ చేసి దాచాను."

మనవాళ్ళం కదా. మంచి చీరని బీరువాలో పెట్టి పాతది కట్టుకుంటాం. కొత్త సోఫాకి ప్లాస్టిక్ తియ్యం. అన్ని వీడియోలు చూశాను, ఇది మాత్రం నాకు తట్టలేదు.

"మరి పాతది..." అన్నాను.

"తిరగలేదు" అంది. టీ పొడి వేస్తూ, నెమ్మదిగా, ఒక్కొక్కటే చెప్పింది. మొదటి రోజు గంటసేపు కన్నం దగ్గర కూర్చుందట. దారం లాగినట్టయిందట, పెద్దదే. చుట్టబోతే రీలు రాయిలాగా బిగుసుకుపోయి ఉంది. గ్లోవ్ తీసేసి వట్టి చేత్తో దారం లాగింది. వేళ్ళు కోసుకున్నాయి. చేప కన్నం దాకా వచ్చి, తల కనపడి, దారం తెగి వెళ్ళిపోయింది. "ఇంత తల, దాని కన్ను కూడా చూశాను" అంది. ఆ తర్వాత ఆ చేతికి కట్టు కట్టారట, మిగతా రోజులు ఒడ్డున చెక్క గుడిసెలో కిటికీ దగ్గర కూర్చుని మిగతావాళ్ళు పట్టడం చూసిందట.

కిటికీ దగ్గర. మళ్ళీ.

"లేక్ మేడం గుడిసెలో రీలు విప్పింది. లోపల తెల్లగా మైనంలా గడ్డకట్టింది. వాసన చూసి, ఏంటిది, ఎండకి రాసుకునే క్రీమా అంది."

అది టీ వడపోసింది.

"నేనే రాశానని చెప్పాను. మా ఇళ్ళల్లో అన్నిటికీ ఇదే రాస్తాం, తెలీక వేశానని. ఆవిడ, వాళ్ళ చెల్లెలు, చుట్టుపక్కల వాళ్ళు ఉన్నన్నాళ్ళూ నవ్వారు. మంచి రీలు పాడు చేశావన్నారు. నిజమే కదా అన్నాను."

"నేనే వేశానే" అన్నాను. ఏడుపొచ్చేసింది. "కావాలనే వేశాను. ఆవిడ మీద కుళ్ళుతో వేశాను."

"తెలుసు. మూత తియ్యగానే నీ జడ వాసన వచ్చింది" అంది. అప్పుడు నా వైపు తిరిగింది. కోపం లేదు ముఖంలో, ఉంటే బాగుండేది. "నా పేరు చెప్పెయ్యాల్సింది, నువ్వెందుకు పడ్డావు?" అన్నాను.

"ఎలా చెప్పనే? రెండేళ్ళుగా ఆవిడకి నీ గురించే చెప్తున్నాను. నేను మంచంలో ఉంటే నాకు వండిపెట్టింది, నాకు తోడబుట్టినదానికంటే ఎక్కువ, నీకంటే కూడా ఎక్కువ అని ఆవిడ ముఖం మీదే చెప్పాను. ఇప్పుడు నువ్వు ఇలా చేశావని చెప్పనా?"

ఆ మాట దాని నోట వినాలనే కదా ఇంతా చేసింది. విన్నాను. గ్లాసు చేతికిస్తే తలెత్తి అందుకోలేకపోయాను.