మారయ్య ఇయ్యని పొట్టేలు

కల్వకుర్తి అవతల ఉన్న ఆ ఊర్ల పశువుల దవాఖాన తెరిచేది డాక్టరమ్మ కాదు, మారయ్య. తాళంచెయ్యి ఆయన మొలతాడుకే ఉంటది. గేటు తీసి, వాకిలి ఊడ్చి, బర్లను పట్టుకొని నిలబడ్డ మందికి ఒక కథ చెప్పేటోడు. డాక్టరమ్మ బస్సు దిగి వచ్చేసరికి మనుషులు కడుపులు పట్టుకొని నవ్వుతుండేటోళ్లు, బర్లు సుత రోగం మరిచిపోయి నెమరేస్తుండేటివి.

ఆయన కథలల్ల పెద్దది పులి కథ. అమ్రాబాద్ అడివిలకెళ్లి ఒక పెద్దపులి కుంటుకుంట ఈ దవాఖానకు వచ్చిందట. అరికాల్ల తుమ్మముల్లు. శానా మర్యాదగల్ల పులి. ఎవ్వలను తోసుకోకుంట బర్ల ఎనుక లైన్ల నిలబడ్డదట. మారయ్య ముల్లు పీకి, పట్టీ కట్టి, "రేపొకసారి చూపిచ్చుకొని పో" అన్నడట.

"మల్ల వచ్చిందా మామా?" అని ఎవలన్న అడుగుతే, "ఎందుకొస్తది? తగ్గిపోయింది గద" అనేటోడు, కన్ను సుత కొట్టకుంట.

గసొంటి నోరు. ఆ నోరే ఆయనకు కీర్తి, ఆ నోరే ఆయన నెత్తి మీదికి ఆపద తెచ్చింది.

తెలంగాణ వచ్చిన కొత్తల ఆ దవాఖానల అటెండరు నౌకరిల చేరిండు. పేరుకు సర్కారుది గని ఏటేటా కాయితం మారుతనే ఉండే నౌకరి. ఎన్నడన్న ఒకనాడు పర్మినెంటు చేస్తరని ఆశ. భార్య బిక్షమ్మకు మోకాళ్లు పట్టుకపోయి కూలి పనికి పోవుడు బందైనంక ఇల్లు ఆ జీతం మీదనే నడుస్తున్నది.

కొన్నేండ్లకు వచ్చిన సర్పంచి ఎలక్షన్ల అంజయ్య నిలబడ్డడు. అంజయ్య, మారయ్య చిన్నప్పుడు ఒకే గుట్ట మీద మేకలు కాసినోళ్లు, ఒకే సద్దిగిన్నెల తిన్నోళ్లు. అంజయ్య వేరేటోళ్ల ట్రాక్టరు నడుపుకొని బతికేటోడు. చేతుల పైస లేదు. ఎదుట నిలబడ్డది పాత సర్పంచే, ఉన్నోడు. అందుకని వాడకట్టు పోరగాండ్లు ఒక ఉపాయం చేసిండ్రు. పెండ్లిల్ల చదివింపులు చదివినట్టు, ఊరోళ్లు జమయ్యే కచ్చీరు కాడ పందిరేసి అంజయ్యకు చదివింపులు పెట్టిండ్రు.

ఈ తావున చదివింపులంటే ఇచ్చినోని పేరు మైకుల మోగాలె, ఎంబడే డప్పు మీద దెబ్బ పడాలె. సప్పుడు కాకుంట ఇస్తే ఇయ్యనట్టే లెక్క.

మారయ్యకు ఒక పొట్టేలుండె. తల్లి సచ్చిపోయిన పిల్లను సీసతోని పాలు తాపి సాదిండు. అది ఛాతి ఇరుసుకొని నడుస్తదని దానికి 'దొర' అని పేరు పెట్టిండు. మెడల ఇత్తడి గంట కట్టిండు. ఆ దొరనే, మంది జమ కాకముందే తోలుకపోయి పందిరి గుంజకు కట్టేసిండు. అంజయ్య వచ్చి దొర మెడ నిమిరిండు. కండ్లు తుడుసుకున్నడు.

మైకు పట్టుకున్న ఎల్లస్వామి చెవుల మారయ్య మెల్లగ చెప్పిండు: "నా పేరు సదువకు తమ్మీ. సర్కారు నౌకరి. ఎలక్షన్లకు చందా ఇచ్చిన్నని తెలుస్తే ఊడగొడతరు."

"సరే అన్నా" అన్నడు ఎల్లస్వామి. మైకుల, "ఒక అభిమాని... ఒక పొట్టేలు!" అని చదివిండు. డప్పు మీద దెబ్బ పడ్డది. ఆడికి ఆగితే ఎంత బాగుండు!

ఎంబడే చాయ హోటలు దివాకర్ ఒక బస్తా ఉల్లిగడ్డలు ఇచ్చిండు. ఇగ చూడు, ఎల్లస్వామి ఆయన తాతముత్తాతల కాడికెళ్లి మొదలువెట్టి పొగిడిండు. డప్పులు దద్దరిల్లినయి. దివాకర్ మీసం దువ్వుకుంట పొట్టేలు దిక్కు చూసి, "అభిమాని ఎవలురా? పేరు చెప్పుకోలేనోడు! ఏడనో కొట్టేసిన పొట్టేలు తోలుకొచ్చినట్టున్నడు!" అన్నడు. పందిరంత నవ్వింది.

మారయ్య చెవులు కాలినయి. లేచిండు. మైకు గుంజుకున్నడు.

"కొట్టేసింది కాదురా! నాది! పశువుల దవాఖాన మారయ్యది!"

డప్పు ధన్‌మని మోగింది. ఆ దెబ్బతోని ఆయనకు నిషా ఎక్కినట్టయింది. ఇగ నోరు ఆగలేదు.

"గీ పాత సర్పంచి ఏసిన మోరీల నీళ్లు కిందికి పోవు, మీదికి పారుతయి! మొన్న నా ఇంట్ల పోసిన నీళ్లు ఆయన వంటింట్ల తేలినయి! నా దొరకు ఓటు హక్కు లేదు గని, నిలబెడితే ఏకగ్రీవంగ గెలుస్తుండె! కనీసం గడ్డి మేసినప్పుడు అందరి ముంగట మేస్తది!"

పందిరి కూలిపోయేటట్టు నవ్విండ్రు. ఎవలెవలో ఫోన్లు ఎత్తి వీడియో తీసిండ్రు. మారయ్య వాటి దిక్కే ఛాతి ఇరిసి నిలబడ్డడు, అచ్చం దొర లెక్క.

దొరను కోసిండ్రు. ఊరంత తిన్నది. మారయ్య ఒక్క ముక్క ముట్టలేదు. గంట మాత్రం అంజయ్య కడిగి తన దర్వాజకు కట్టుకున్నడు. ఎలక్షన్ల ఓడిపోయిండు. పాత సర్పంచే గెలిచిండు. గెలిచినోళ్లు ఆ వీడియోను పైకి పంపిండ్రు.

డాక్టరమ్మ మంజులత చేతుల మెమో పట్టుకొని మారయ్యను పిలిచింది.

"ఎందుకు మాట్లాడినవయ్యా? నీ మనసుల ఏమున్నా మనసులనే పెట్టుకోవద్దా?"

"నా పొట్టేలు మేడం, నా దోస్తుకిచ్చిన. నౌకరిల చేరినప్పుడు నోరు సుత రాసిచ్చిన్నా?"

"రాసిచ్చినట్టే మారయ్యా. రూల్సు అట్లనే ఉన్నయి. జిల్లా నుంచి సారు విచారణకు వస్తున్నరు. నువ్వు ఇచ్చినట్టు తేలితే తీసేస్తరు."

ఆ పొద్దు మారయ్య ఇంట్ల వాడకట్టంత జమైంది. ఎవలికి ఏం తోస్తలేదు. బిక్షమ్మే మోకాళ్లు ఒత్తుకుంట కోపంగ అన్నది: "ఈ మనిషి నోట్లకెళ్లి ఎన్నడన్న నిజం ఎల్లిందా? పులికి పట్టీ కట్టినోడు! గా పొట్టేలు సుత గట్లాంటిదే అని చెప్పుండ్రి సారుకు!"

ముందు నవ్విండ్రు. ఆ తర్వాత ఒకరి మొకం ఒకరు చూసుకున్నరు. వీడియోల మారయ్య మాటలే గని పొట్టేలు కానరాదు; ఇంతకు మించిన ఉపాయం లేదు.

విచారణ రోజు పొద్దున అంజయ్య దవాఖానకు వచ్చిండు. కండువల చుట్టుకొచ్చిన గంటను మారయ్య చేతుల పెట్టిండు.

"నా దర్వాజకుంటే సారు అడుగుతడు. నువ్వే పెట్టుకో."

"నీకిచ్చిందిరా అది."

"ఏమిచ్చినవ్? ఏం ఇయ్యలేదు గద నువ్వు" అని అంజయ్య నవ్వబోయిండు. నవ్వు రాలేదు.

మారయ్య ఆ గంటను పట్టీలుండే సొరుగుల ఏసిండు.

సారు వచ్చి కుర్చీల కూసున్నడు. ఒక్కొక్కరు వచ్చి చెప్పిండ్రు. దొర బొక్కలు చీకినోళ్లే, మూలుగ కోసం కొట్లాడినోళ్లే, "మారయ్యకు పొట్టేలేడిది సార్?" అన్నరు. దివాకర్ సుత వచ్చి, "మేము తిన్నది కోడికూర సార్. ఈయన మాటలు నమ్మితే అడివిల పులులన్నీ ఈడికే దవాఖానకొస్తయి" అన్నడు. సారు పులి కథ చెప్పిచ్చుకొని మరీ విన్నడు. పడి పడి నవ్విండు.

చివరికి అంజయ్య వచ్చిండు. నేల చూపులు చూసుకుంట, "నాకు ఎవ్వలు పొట్టేలు ఇయ్యలే సార్" అన్నడు. కొంచెమాగి, "నాకు ఇచ్చేటోడు ఎవడున్నడు?" అన్నడు.

ఆ రెండో మాట ఎవ్వలు నేర్పింది కాదు.

"నువ్వు చెప్పు మారయ్యా" అన్నడు సారు.

మారయ్య తల ఎత్తిండు. కిటికీలకెళ్లి బిక్షమ్మ కనవడుతున్నది, కర్ర పట్టుకొని నిలబడ్డది. పులి గురించి చెప్పుడు ఎంత అల్కగ ఉండె!

"అబద్ధమే సార్. నలుగురిల గొప్పకు అన్న. నాకు పొట్టేలే లేదు."

సారు మారు మాట అడుగలేదు. రాసుకున్నడు. మారయ్య మాటను అంత తొందరగ నమ్మినోళ్లు ఆ ఊర్ల ఎన్నడు లేరు. ఇగ ముందు నోరు దగ్గర పెట్టుకొమ్మని గద్దించి, కారెక్కి పోయిండు.

నౌకరి నిలబడ్డది. వాడకట్టు సంబురపడ్డది. "దావత్ ఇయ్యాలె మామా! ఈ సారి నిజం పొట్టేలు!" అని పరాచికాలాడిండ్రు. మారయ్య నవ్విండు, నవ్వాలె గనుక. అంజయ్య ఆ దావత్ మాటలు వినేతందుకు సుత రాలేదు. కొన్నొద్దులకు ఆత్మకూరు దిక్కు ట్రాక్టరు నడపనీకి పోయిండు. పొయ్యేటప్పుడు చెప్పి పోలేదు. ఇప్పుడు పండుగకో పబ్బానికో వస్తే, "బాగున్నవా?" అంటడు. "బాగున్న" అంటడు మారయ్య. అంతే.

గేటు కాడ మంది ఇప్పటికీ అడుగుతరు, పులి కథ చెప్పు మామా అని. "పులి లేదు, ఏం లేదు. బర్రెను సక్కగ పట్టుకో" అంటడు.

మొన్నొకనాడు డాక్టరమ్మ మేకకు పట్టీ కట్టేతందుకు సొరుగు గుంజితే గంట మోగింది. ఆమెకు ఆ గంట ఎరుకే. దొర మెడల ఎన్నిసార్లు చూడలేదు! ఎరుక లేనట్టు మేక కాలు దిక్కే వంగింది. మేకను పట్టుకొచ్చిన ముసలమ్మ మాత్రం మెడ సాపి చూసింది.

"మంచిగుంది కొడుకా గంట. దేనిదది?"

పాత మారయ్యయితే ఆ గంటకు ఒక ఏనుగునే కట్టేటోడు. నోరు తెరిచిండు. మల్ల మూసిండు.

"దేనిది కాదవ్వా" అని పట్టీ గుడ్డ తీసి డాక్టరమ్మకిచ్చి, గంట మీద అరచెయ్యి పెట్టి, సప్పుడు కాకుంట సొరుగు మూసిండు.