ఉల్లిపొట్టు రంగు గుడ్డు

జ్ఞానమణిది మెదక్. భర్త పోయాక ఆబిడ్స్‌లో ఒక దొరసాని వంటింట్లో పనికి కుదిరింది. కిరస్తానీ మనిషికి గది ఇచ్చేవాడు దొరక్క కాళ్లరిగేలా తిరిగి, చివరికి నాంపల్లిలో గట్టయ్య వాడలో ఒక గది కిరాయికి పట్టింది.

ఈస్టరు గుడ్లకు రంగు వేయడం దొరసానే నేర్పింది. గుడ్డు మీద కొత్తిమీర ఆకు అంటించి, పల్చని పేలికతో బిగించి కట్టి, ఉల్లిపొట్టు వేసిన నీళ్లలో ఉడికించాలి. గుడ్డంతా ఎర్రబడి, ఆకు ఉన్నచోట మాత్రం తెల్లని అచ్చు పడుతుంది. వెనకటి రోజుల్లో ఈస్టరుకు ముందొచ్చే నలభై శ్రమదినాలలో గుడ్లు ముట్టేవారు కాదట. పోగుపడ్డ గుడ్లకు పండుగనాడు రంగులేసి పిల్లలకు పంచేవారట. ఈ ముచ్చటంటే జ్ఞానమణికి ఎంత ఇష్టమో!

1954 ఈస్టరునాడు చర్చి నుంచి వస్తూనే పక్కగది జంగమ్మ కూతురి చేతిలో ఒక ఎర్రగుడ్డు పెట్టింది. బిడ్డల్లేని మనిషి కదా, ఆ పిల్లంటే ప్రాణం. ఖర్మకాలి సాయంత్రానికల్లా పిల్లకు జ్వరం అందుకుంది. మంచం మీద ఎర్రగుడ్డు కనబడింది. వాడకు అంతకన్నా ఏం కావాలి? బాణామతి అన్నారు.

జ్ఞానమణి నోరు మూసుకున్నా బాగుండేది. పెంకు ప్రభువు సమాధి అనీ, ఎరుపు ఆయన రక్తమనీ, దొరసాని చెప్పినట్టే విడమరిచి చెప్పింది. సమాధి, రక్తం! ఆడవాళ్లు పిల్లల్ని లోపలికి లాక్కున్నారు. తెల్లారేసరికి గది ఖాళీ చెయ్యమన్నాడు ఇంటి యజమాని గట్టయ్య. ఎక్కడికని పోతుంది? బాణామతి చేసిందన్న పేరు మోసుకొచ్చినదానికి ఈ పట్నంలో గది ఎవరిస్తారు?

జంగమ్మే ఏడుస్తూ వచ్చి చెయ్యి పట్టుకుంది. "అక్కా, పెట్టినదానివి నువ్వే తియ్యి. నా బిడ్డ బతుకుతది, నువ్వు గీడనే ఉంటవు."

తీస్తే, పెట్టినట్టు ఒప్పుకున్నట్టే. తీయకపోతే వీధే గతి. పైగా ప్రభువును నమ్ముకున్న మనిషి దిష్టి తీయడమేమిటి! సిగ్గుతో చచ్చిపోతూ, లోలోపల ప్రార్థన చెప్పుకుంటూ, ఆ గుడ్డునే పిల్ల తల చుట్టూ తిప్పింది.

జ్వరం తగ్గింది. పిల్ల లేచి ఆడుకుంటుంటే కళ్లారా చూసుకుని మురిసిపోయింది. ఆ మురిపెం ఎన్నాళ్లు? వారం తిరక్కుండానే వాడలోని మరో తల్లి, చంకలో జ్వరపడ్డ బిడ్డతో, చేతిలో గుడ్డుతో గుమ్మం ముందు నిలబడింది. తనకు అవేవీ రావని జ్ఞానమణి బతిమాలి చెప్పింది.

అరుగు మీద కూర్చున్న గట్టయ్య నెమ్మదిగానే అడిగాడు. "చేతనయ్యి గూడ తియ్యనంటే, గిది గూడ నీ పనే అనుకోవాల్నా?"

జ్ఞానమణి గుడ్డు అందుకుంది.