పిట్ట ముట్టని పళ్లెం

చంద్రవ్వ నమ్మేవి రెండే: కుక్కర్ విజిల్, పిట్ట. మిగతా లోకం ఏం చెప్పినా "సూద్దాం తియ్యి" అనేది.

జగిత్యాల పక్క పల్లెటూరు ఆమెది. భర్త లారీ ప్రమాదంలో పోయినప్పుడు, పెట్టిన అన్నాన్ని కాకి ముట్టలేదు. "మళ్ల పెండ్లి చేసుకోనని చెప్పు, ముడుతది" అంది అత్త. చంద్రవ్వ చెప్పింది, కాకి ముట్టింది. ఆ కాకిని అత్తగారు ముందే మచ్చిక చేసుకుని ఉంటుందని నా అనుమానం. చంద్రవ్వకు మాత్రం ఆ అనుమానం ఎప్పుడూ రాలేదు. ఏడాది తిరక్కుండా దుబాయి పోతున్నానని చెప్పి బహ్రెయిన్‌లో దిగింది. వాళ్ల ఊళ్లో గల్ఫ్ అంతా దుబాయే.

2008లో ఆమె అమ్వాజ్ దీవుల్లో ఒక ఫ్లాట్‌లో వంటమనిషి. సముద్రాన్ని పూడ్చి చేసిన దీవులవి. సగం మేడల్లో అప్పటికింకా ఎవరూ చేరలేదు, చీకటి పడితే వరసగా నల్లటి కిటికీలే. చంద్రవ్వకు ఆ దీవుల్లో నచ్చనిది ఒకటే. "ఈ నేలల ఎవ్వలను బొందపెట్టలేదు మేడం. సచ్చినోళ్లు లేని జాగల మనుషులెట్ల ఉంటరు?" అనేది.

ఇంటావిడ క్రిస్టీనాది తెనాలి. అమెరికన్ సిలబస్ ఉన్న బడిలో చరిత్ర చెబుతుంది. ఆ సెప్టెంబరులో రంజాన్ వల్ల బడి ఒంటిపూట. మధ్యాహ్నాలు డైనింగ్ టేబుల్ దగ్గర మర్నాటి పాఠం పైకి చెప్పుకునేది. ఎదురుగా చంద్రవ్వ బెండకాయలు తరిగేది. అలా అమెరికా పుట్టుక మొత్తం ఆ కూరగాయల మధ్య నుంచే నడిచింది.

చంద్రవ్వ తమ్ముడు నర్సింగ్ అస్కర్‌లో అల్యూమినియం ఫ్యాక్టరీ పక్క క్యాంపులో ఉండేవాడు, ఒక చిన్న కాంట్రాక్టర్ దగ్గర హెల్పర్. అక్కకు ప్రతి శుక్రవారం ఒక మిస్డ్‌కాల్ ఇచ్చేవాడు. బాగున్నానని గుర్తు. ఎండాకాలం మధ్యలో అది ఆగిపోయింది. ఫోన్ చేస్తే సూపర్‌వైజర్ "వో తో ఖల్లివల్లి హోగయా" అన్నాడు, పారిపోయాడని. పాస్‌పోర్టు కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, దగ్గరే ఉంది. ఆసుపత్రిలో లేడు, జైల్లో లేడు, శవాల గదిలోనూ లేడు. ఊళ్లో వాడి భార్య నాగవ్వ ఫోన్లో ఒకటే అడిగేది: "పుస్తె ఉంచుకోవాల్నా, తియ్యాల్నా వదినె?"

క్రిస్టీనా ప్రార్థనకు వెళ్లే తెలుగు ఫెలోషిప్ పెద్ద సోమరాజు గారు విశ్వాసంతో ఉండమని చెప్పి, ప్రార్థనలో నర్సింగ్ పేరు చదివి, మరుసటి వారం మరిచిపోయారు. విశ్వాసానికి ఉన్న సదుపాయం అదే, ఎవరూ అస్కర్ దాకా వెళ్లి వెతకనక్కర్లేదు.

ఒక మధ్యాహ్నం క్రిస్టీనా పాఠం రోనోక్ దీవి దగ్గరికొచ్చింది. 1587లో ఇంగ్లండు నుంచి ఆడా మగా పిల్లలూ కలిపి వందకు పైగా జనం ఆ దీవిలో దిగారు. సామాను తేవడానికి వాళ్ల గవర్నరు వెనక్కి వెళ్లాడు. ఈలోగా స్పెయిన్‌తో యుద్ధం, ఓడలు దొరకలేదు. మూడేళ్లకు తిరిగొచ్చేసరికి ఒక్క మనిషి లేడు. ఇళ్లు విప్పేసి ఉన్నాయి. కంచె గుంజ మీద పక్క దీవి పేరు చెక్కి ఉంది. ఆపద వస్తే చెక్కమన్న శిలువ గుర్తు మాత్రం లేదు.

చంద్రవ్వ కత్తి ఆపింది. "వాళ్లల్ల గాయిన సొంతోళ్లున్నరా?"

"కూతురుంది. అక్కడే పుట్టిన మనవరాలుంది."

"మరి ఆ పక్క దీవికి పోయి సూడలేదా?"

"వెళ్దామనుకున్నాడు. తుఫానొచ్చి ఓడ వెనక్కి మళ్లింది. మళ్లీ వెళ్లలేదు, వాళ్లేమయ్యారో ఎవరికీ తెలీదు."

"గట్లయితే గా తాత పిట్టకు పెట్టిండా లేదా?"

క్రిస్టీనా పుస్తకంలో దానికి జవాబు లేదు. పాఠం అక్కడ నిలవదు. తర్వాతి పేజీలో ఇంకో వలస, ఇంకో కంపెనీ, ఓడ ఛార్జీకి బదులు ఏళ్ల తరబడి చాకిరీ రాసిచ్చిన కూలీలు.

"వాళ్లకు గూడ కఫీలుండెనా మేడం?" అంది చంద్రవ్వ.

ఇంకొన్ని అధ్యాయాలకు రాజు పోతాడు, రిపబ్లిక్ వస్తుంది, పిల్లలు చప్పట్లు కొడతారు. ఆ దీవి మాత్రం అలాగే ఖాళీగా ఉండిపోతుంది.

నెలాఖరున పెత్రమాస. ఆ రోజు ఇంట్లో చనిపోయిన వాళ్ల పేరు చెప్పి, వండినవన్నీ బయట పెడతారు. పిట్ట ముట్టాలి. ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలిందని అర్థం.

"మా ఇంట్లో ఇవన్నీ వద్దు" అంది క్రిస్టీనా.

"మీ ఇంట్ల గాదు మేడం, సముద్రం ఒడ్డుకు పెడత. సముద్రం మీది గాదు గదా."

విస్తరాకు దొరక్క రెండు ఫాయిల్ పళ్లేలు తీసుకుంది. రంజాన్ మిట్టమధ్యాహ్నం, రోడ్డు మీద మనిషి లేడు. సెక్యూరిటీ అతను పరుగున వచ్చి బయట తినకూడదన్నాడు. "హమ్ నై ఖాతే భాయ్. మరేసో లోగ్ ఖాతే" అంది చంద్రవ్వ. చచ్చినవాళ్లు తింటారని విన్నాక అతను మళ్లీ ఆ దరిదాపులకు రాలేదు. క్రిస్టీనా మాత్రం వద్దంటూనే వెంట వచ్చి కారు పక్కన నిలబడింది.

మొదటి పళ్లెం చనిపోయిన తండ్రి పేరున. భర్తకు ఊళ్లో అత్త పెడుతుంది. రెండోదాని దగ్గర చంద్రవ్వ పేరు చెప్పలేదు. చెబితే తమ్ముణ్ని తన నోటితో చంపినట్టు. ఒకవేళ చచ్చే ఉంటే, పెట్టకపోతే వాడు ఆకలితో తిరుగుతాడు.

ఆ దీవుల్లో కాకి కనబడదు. తెల్లటి సముద్రపు పిట్ట ఒకటి రాళ్ల మీద వాలింది. తండ్రి పళ్లెంలో మెతుకు మిగల్చలేదు. రెండో పళ్లెం చుట్టూ నడిచింది, తల వంచి చూసింది, ఎగిరిపోయింది. అంతసేపూ ఆ అన్నం మీద ఈగ కూడా వాలలేదు.

"అంటే బతికున్నట్టేగా?" క్రిస్టీనా గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"లేకుంటె కోరికన్న మిగిలిందేమో. ఏదన్న మాటిద్దామంటె, మాట సచ్చినోనికిచ్చేది." చంద్రవ్వ పళ్లెం ఎత్తింది. "బతికుంటె ఇది వాని బువ్వ. వానికే ఇయ్యాలె."

క్రిస్టీనా కారు తీసింది. ఎందుకు తీసిందో ఇప్పటికీ చెప్పలేదు.

అస్కర్ క్యాంపు ఖాళీగా ఉంది. పని అయిపోయి కాంట్రాక్టర్ మనుషులందరినీ వేరే చోటికి తరలించాడు. క్యాంపు తలుపులు తెరిచే ఉన్నాయి. తాడు మీద మరిచిన బట్టలు ఉప్పుగాలికి అట్టకట్టాయి. ఫ్యాక్టరీ హోరు ఒక్కటే నేలలోంచి వస్తోంది. అంతస్తుల మంచాల్లో నర్సింగ్ పడుకునే కింది మంచం ఏదో చంద్రవ్వకు తెలుసు. అన్నం టిఫిన్ డబ్బాలోకి మార్చి దాని మీద పెట్టి వచ్చింది.

ఆ తర్వాతి శుక్రవారం డబ్బా కోసం వెళ్లారు. అది మంచం మీదే ఉంది, ఖాళీగా. కడిగి, నీళ్లు ఓడ్చడానికి బోర్లించి ఉంది. లోపల ఇంకా తడి.

క్రిస్టీనా వరండాలో నల్లా తిప్పింది. గాలి బుస్సుమంది, చుక్క రాలేదు. "పిల్లులు డబ్బాలు కడగవు, చంద్రవ్వా" అంది మెల్లగా. అంతలో స్నానాల గదుల వైపు తలుపు కిర్రుమని, సగంలో ఆగింది. ఎవరో చేత్తో పట్టి ఆపినట్టు.

"ఎవరు..." అనబోయిన క్రిస్టీనా నోటిని చంద్రవ్వ అరచేత్తో మూసింది.

"పిలువకుండ్రి మేడం."

"వాడేనేమో! రెండడుగులు వేస్తే తెలిసిపోతుంది."

"తెలుస్తది. వాడన్న అయితడు, ఇంకొకడన్న అయితడు." అంది చంద్రవ్వ. "ఇంకొకడైతె నా తమ్ముడు ఇయ్యాల్నే సచ్చినట్టు. వాడే అయితె, అక్కను జూసి గూడ బయటికి రానోడు ఎట్లున్నడో నేను జూడలేను."

ఈసారి వండి తెచ్చిన ఇంకో నిండు డబ్బా మంచం మీద పెట్టింది. ఖాళీది కొంగుతో తుడిచి సంచిలో వేసుకుంది. వెనక్కి చూడకుండా కారెక్కింది.

గేటు దాటగానే ఊరికి ఫోన్ కలిపింది.

"నాగవ్వా, పుస్తె ఉండనియ్యి."

అవతల నాగవ్వ ఏడుస్తూ, కనబడ్డాడా అని అడిగింది.

"తింటుండు" అంది చంద్రవ్వ, ఫోన్ పెట్టేసింది.