ఫ్లాపీకి గంధం బొట్టు

మొన్న విజయదశమి నాడు మా ఇంట్లో కంప్యూటర్లోంచి గంధం వాసన వచ్చింది. ఎలాగో చెబుతా, మధ్యలో నవ్వకండి. నాకింకా నవ్వు రావడం లేదు.

ఆ కంప్యూటర్ వయసు దాదాపు నా వయసే. కీబోర్డూ డబ్బా కలిపి ఒకటే, పాత టీవీకి తగిలించాలి. ఉయ్యూరులో మా స్కూల్ వాళ్లు పాత సామానుతో పాటు పారేస్తుంటే తెచ్చుకున్నాను. దాని మీదే మా లెక్కల మాస్టారు మాకు కంప్యూటర్ నేర్పారు. ఆయన ఎక్కడో ట్రైనింగ్‌కి వెళ్లి, బీరువా అంత మెషీన్ మీద యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడవడం చూసొచ్చి, "ఎప్పటికైనా ఇది మన బుజ్జిదాని మీద కూడా నడుస్తుంది" అన్నారు. స్టాఫ్ రూమంతా నవ్వింది. ఆ నవ్వు నేను మర్చిపోలేదు.

అందుకే ఆర్నెల్లు కూర్చుని, యూనిక్స్ లాంటి ఓ చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌ని దాని అరవై నాలుగు కేబీల మెమరీలో ఇరికించాను. దాన్ని ఎక్కించిన ఫ్లాపీ డిస్కు పెట్టి స్విచ్ వేస్తే, రెండు నిమిషాలకి మన పేరు అడుగుతుంది. ఫోన్ చేసి మాస్టారికి చెప్పాను. "కళ్లు బాగా మసకేస్తున్నాయిరా. కనబడుతుండగానే ఒకసారి చూపించు. నా పేరు నేనే కొట్టుకుంటా" అన్నారు. దశమి పొద్దున్నే రమ్మన్నాను.

ముందురోజు ఆయుధపూజ. అమ్మ మిక్సీకి, కుట్టుమిషన్‌కి, నా స్కూటర్‌కి బొట్లు పెట్టేసి, గంధం గిన్నెతో కంప్యూటర్ దగ్గరికొచ్చింది.

"దానికెందుకమ్మా? అది వట్టి డబ్బా."

"మరి దేనికి పెట్టాలిరా?"

అక్కడ ఊరుకుని ఉంటే బాగుండేది. కాలేజీలో పాఠాలు చెప్పే నోరు కదా, ఊరుకోదు. ఫ్లాపీని కవర్లోంచి తీసి, నల్లటి అట్టకున్న కంత చూపించాను. "ఇందులో గోధుమరంగు బిళ్ల కనిపిస్తోందా? అసలు విద్యంతా దీని మీదే ఉంటుంది. మిగతాదంతా పైతొడుగు. మనవాళ్లు పైతొడుక్కి పూజ చేసి అసలుదాన్ని వదిలేస్తారు" అని ఐదు నిమిషాలు వాయించాను. అమ్మ శ్రద్ధగా వింది. ఆ ఫ్లాపీనీ, దాని రెండో కాపీనీ దేవుడి దగ్గర పెట్టుకోమని ఇచ్చి, బజారుకెళ్లాను. పూజలో పెట్టినవి మర్నాటిదాకా ముట్టుకోకూడదు కాబట్టి మళ్లీ చూడలేదు.

మాస్టారు మొదటి బస్సుకే వచ్చేశారు. కొత్త చొక్కా వేసుకున్నారు. టీవీకి జానెడు దూరంలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నేను ఆయన మొహమే చూస్తూ ఫ్లాపీ తోసి, స్విచ్ వేశాను. డ్రైవ్ కరకరలాడింది. స్క్రీన్ మీద ఎర్రర్. మళ్లీ వేశాను. మళ్లీ ఎర్రర్. గదంతా గంధం వాసన.

ఫ్లాపీ బయటికి లాగి చూస్తే, కంతలో సరిగ్గా ఆ బిళ్ల మీద ఎండిన గంధం, కుంకుమ, గుండ్రంగా గీరుకుపోయి ఉన్నాయి.

"అమ్మా, ఏంటిది?"

"అసలుదానికే పెట్టానురా. నువ్వు చూపించిన చోటే."

పరిగెత్తి రెండో కాపీ తెచ్చాను. దానికీ ఉంది.

"ఒకదానికి పెట్టి ఇంకోదానికి మానేస్తే ఏం బాగుంటుంది?" అంది అమ్మ.

నాకు ఏడుపొక్కటే తక్కువ. "కాగితాల మీద రాసుకున్నది చూసి మళ్లీ ఎక్కిస్తాను మాస్టారూ, పది రోజులు" అన్నాను, తలెత్తకుండా.

ఆయన ఫ్లాపీ తీసుకుని కళ్లకి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చూశారు. "ఆ ఎర్రర్ నాకు కనబడలేదురా. ఈ బొట్టు మాత్రం బాగా కనబడుతోంది" అన్నారు. తర్వాత అడిగారు. "నువ్వు చెబుతుంటే అమ్మగారు ఒక్క సందేహమైనా అడిగారా?"

"లేదండీ."

"అప్పుడే అనుమానించాల్సింది. సరే, పది రోజులు ఆగుతాయిలే ఈ కళ్లు. ఈసారి ఆవిడకేమీ వివరించకు."

ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను. చెప్పింది చెప్పినట్టు విని, ఇంటికెళ్లి ఆచరణలో పెట్టిన స్టూడెంట్ ఒక్కరైనా ఉంటే చాలనుకునేవాణ్ణి. తీరా ఇన్నాళ్లకి ఒకరు దొరికారు, మా అమ్మ.